అరకు నుంచి లంబసింగి దాకా అద్దె క్యారవాన్‌లో మూడు రోజులు

విశాఖపట్నంలో క్యారవాన్లు అద్దెకిచ్చే ఒక సంస్థ నుంచి బండి తీసుకుని, నేనూ నా చిన్ననాటి మిత్రుడూ డిసెంబరులో అనంతగిరి, అరకు, పాడేరు మీదుగా లంబసింగి వరకు వెళ్లివచ్చాము. శృంగవరపుకోట దాటాక మొదలయ్యే ఘాట్ రోడ్డులో, ఎదురొచ్చే బస్సులకు ప్రతి మలుపులోనూ దారి ఇస్తూ ఎక్కినా బండి ఎక్కడా మొరాయించలేదు. పరుపులు, గ్యాస్ పొయ్యి కూడా మెచ్చుకోదగినవి.

లోపమంతా బ్యాటరీలోనే ఉంది. సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగిలో, అర్ధరాత్రి దాటాక దీపాలు ఆరిపోయి, నీటి పంపు కూడా ఆగిపోయింది. బండి నిలిపి ఉంచినప్పుడు వీటన్నిటికీ ఆధారం ఇంజను బ్యాటరీ కాక విడిగా అమర్చిన రెండో బ్యాటరీయే కాబట్టి, అది పాతబడితే తక్కిన సౌకర్యాలు ఉన్నా లేనట్టే. మిత్రుడు టార్చి పట్టుకోగా, క్యానులోని నీళ్లతో టీ కాచాను. తెల్లవారేసరికి మా ఊపిరి తడి కిటికీ అద్దం మీద చుక్కలు కట్టి జారుతోంది. బయట లోయంతా పాలు పోసినట్టు మంచు కమ్ముకుంది. ఆ ఉదయం కోసం మళ్లీ వెళతాను.

సంస్థవారు మర్యాదగా మాట్లాడి ఒక రోజు అద్దె తగ్గించారు. అయినా బండి తీసుకునే ముందు ఇంజను ఆపించి, దీపాలూ పంపూ అరగంటసేపు వేసి చూడవలసిందిగా వెళ్లేవారిని కోరుతున్నాను.