సొనోమా ద్రాక్షతోటల మధ్య సైకిలు దారులు: ఏళ్ల వాడకం తర్వాత ఒక సమీక్ష

శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన సుమారు 70 మైళ్ల దూరంలో, సొనోమా కౌంటీలో హీల్డ్స్‌బర్గ్ అనే చిన్న ఊరు ఉంది. ఆ ఊరి చుట్టూ మూడు ద్రాక్షలోయలు ఉన్నాయి. వాయవ్యాన డ్రై క్రీక్, ఈశాన్యాన అలెగ్జాండర్ వ్యాలీ, దక్షిణాన రష్యన్ రివర్ వ్యాలీ. ఈ మూడింటిలోని పల్లె దారుల మీద నేను ఏళ్ల తరబడి, ఎండాకాలం వానాకాలం అనే తేడా లేకుండా సైకిలు తొక్కుతున్నాను. బే ఏరియాలోని మన తెలుగువారిలో చాలామందికి వైన్ కంట్రీ అంటే నాపాయే గుర్తొస్తుంది. వైన్ రుచి చూడడానికి వెళ్లేవారి సంగతి నేను చెప్పలేను గానీ, సైకిలు కోసం వెళ్లేవారికి సొనోమా కౌంటీయే మేలన్నది నా గట్టి అభిప్రాయం.

నాపాలో సైకిలు తొక్కేవారికి అందరూ సూచించే దారి సిల్వరాడో ట్రెయిల్. నాపా ఊరి నుంచి కాలిస్టోగా దాకా దాదాపు 30 మైళ్లు సాగే ఈ రోడ్డు 29వ నంబరు హైవేకు సమాంతరంగా వెళ్తుంది. అంచున సైకిలుకు కావలసినంత చోటు వదిలారు, ఎత్తుపల్లాలు తక్కువ, ఉపరితలం కూడా నున్నగా ఉంటుంది. ఇన్ని సుగుణాలున్నా అది ప్రశాంతమైన దారి కాదు. వెడల్పుగా, తిన్నగా ఉన్న రోడ్డు కనబడితే కారు నడిపేవారి కాలు ఆగదు; పక్క నుంచి వేగంగా దూసుకుపోయే కార్ల హోరు ప్రయాణమంతా చెవిలో మోగుతూనే ఉంటుంది. ఇన్నేళ్ల వాడకంలో నాకు తేలినదేమిటంటే, అంచు లేని ఇరుకు రోడ్డే చాలా సందర్భాల్లో సైకిలుకు నిమ్మళమైన దారి. మలుపులు, గుంతలు, ఒకసారికి ఒక్క కారే పట్టే వంతెనలు ఉన్నచోట తొందరలో ఉన్న మనిషి ఆ దారినే ఎంచుకోడు.

దీనికి చక్కని ఉదాహరణ వెస్ట్ డ్రై క్రీక్ రోడ్డు. హీల్డ్స్‌బర్గ్ నుంచి పడమరకు వెళ్లే వెస్ట్‌సైడ్ రోడ్డు మీద కొద్ది దూరం పోయి కుడి పక్కకు తిరిగితే ఇది మొదలవుతుంది. లోయకు పడమటి అంచున, కొండల పాదాల వెంట, చిన్న చిన్న ఎత్తులు ఎక్కుతూ దిగుతూ ఉత్తరానికి సాగుతుంది. రెండు కార్లు ఎదురైతే ఏదో ఒకటి వేగం తగ్గించక తప్పనంత సన్నని రోడ్డు. కొండలు పడమటి వైపు ఉన్నందువల్ల ఉదయపుటెండ ముందుగా ఈ దారి మీదే పడుతుంది, సాయంత్రం నీడ కూడా ముందుగా ఇక్కడికే వస్తుంది. చలికాలంలో పొద్దున, వేసవిలో పొద్దువాలాక వెళ్లడానికి ఇంతకంటె అనువైనది లేదు.

ఈ లోయ జిన్‌ఫాండెల్ అనే నల్లద్రాక్షకు పేరుపడింది. ద్రాక్ష అంటే పందిరి మీద పాకే తీగ అని హైదరాబాదు పరిసరాల అనాబ్-ఎ-షాహీ తోటలు చూసి పెరిగినవారికి ఇక్కడి పాత తోటలు ఆశ్చర్యం కలిగిస్తాయి. వాటికి పందిరి లేదు, తీగ కట్టడానికి కంబాలూ లేవు. నడుమెత్తు కూడా లేని మోటు మొద్దులు, తొడంత లావున మెలితిరిగి, ఒక్కొక్కటి విడివిడిగా నిలబడి ఉంటాయి. ఏటా చలికాలంలో కొమ్మలన్నీ మొదలుకంటా కత్తిరించడం వల్ల ఆ మొద్దు తల బుడిపెలు బుడిపెలుగా ఉబ్బుతుంది. జనవరిలో సైకిలు ఆపి దగ్గరగా చూస్తే, అవి ఎండిపోయాయనే అనుకుంటాము. ఏప్రిల్ వచ్చేసరికి ఆ బుడిపెల నుంచే అరచేయంత లేతాకులు విప్పుకుంటాయి. పక్కనే కొత్తగా వేసిన తోటల్లో మాత్రం ఇనుప తీగల వరుసలు, బిందు సేద్యపు నల్లగొట్టాలు కనిపిస్తాయి.

దారి మధ్యలో లాంబర్ట్ బ్రిడ్జ్ రోడ్డు అడ్డంగా వస్తుంది. ఒక్క కారే పట్టే ఇనుప వంతెన మీదుగా వాగు అవతలికి వెళితే 1881 నుంచి ఉన్న డ్రై క్రీక్ జనరల్ స్టోర్ ఎదురవుతుంది. మంచినీళ్లకూ, శాండ్‌విచ్‌కూ ఇదే నమ్మకమైన చోటు. శాకాహారులు మాంసం లేకుండా చేయించుకోవచ్చు గానీ, వారాంతపు మధ్యాహ్నం వరుసలో నిలబడే ఓపిక ఉండాలి. నేనైతే పులిహోర పొట్లం వెంట తెచ్చుకుంటాను. ఇంకా ఉత్తరానికి వెళ్లి యోకిమ్ బ్రిడ్జ్ రోడ్డు దగ్గర వాగు దాటి, తూర్పున ఉన్న డ్రై క్రీక్ రోడ్డు మీదుగా తిరిగొస్తే మొత్తం చుట్టు సుమారు 20 మైళ్లు అవుతుంది. అయితే తూర్పు రోడ్డులో కార్ల వేగం ఎక్కువ. వచ్చిన దారినే వెనక్కి తిరగమని నా సలహా. తొక్కే ఓపిక మిగిలి ఉంటే వార్మ్ స్ప్రింగ్స్ ఆనకట్ట దాకా పోవచ్చు. ఆనకట్ట కింద చేపపిల్లల కేంద్రం ఉంది. చలికాలంలో సముద్రం నుంచి ఎదురీది వచ్చే స్టీల్‌హెడ్ చేపలు మెట్ల కాలువలో ఎగురుతూ ఎక్కడం అక్కడ చూడవచ్చు.

రెండో దారి వెస్ట్‌సైడ్ రోడ్డు. హీల్డ్స్‌బర్గ్ నుంచి రష్యన్ నది పడమటి ఒడ్డు వెంట దక్షిణానికి వెళుతుంది. పినో న్వార్ ద్రాక్షతోటలు, మధ్యమధ్య రెడ్‌వుడ్ చెట్ల చీకటి నీడలు, బీరులో వాడే హాప్స్‌ను ఆరబెట్టడానికి 1905లో కట్టిన రాతి బట్టీ ఈ దారిలో చూడదగినవి. ద్రాక్ష ఇంతగా విస్తరించక ముందు ఈ నది ఒడ్డున హాప్స్ పెద్ద పంట. వోలర్ బ్రిడ్జ్ అనే పాత ఇనుప వంతెన మీద నది దాటి, ఈస్ట్‌సైడ్ రోడ్డు మీదుగా హీల్డ్స్‌బర్గ్‌కు చేరుకోవచ్చు. అందంలో ఇది మొదటిదానికి తీసిపోదు. కానీ వరుసగా వైనరీలు, అంటే వైన్ తయారుచేసే చోట్లు, ఉన్నందువల్ల శనివారం పదకొండు దాటితే వ్యాన్లూ కార్లూ పెరుగుతాయి. మలుపుల దగ్గర ఎదుటి వాహనం కనిపించదు. వారం మధ్యలో తప్ప ఈ దారిని కొత్తవారికి సూచించలేను.

అలెగ్జాండర్ వ్యాలీ విశాలమైనది, ఎండ ఎక్కువ, నీడ తక్కువ. కాబెర్నే సొవిన్యాన్ అనే నల్లద్రాక్ష ఇక్కడి ముఖ్యమైన పంట. 128వ నంబరు రోడ్డు పక్కన కొండ మీద కాసినో ఉండడం వల్ల ఆ భాగంలో కార్లు తగ్గవు. దాన్ని ఓర్చుకుని దక్షిణానికి వచ్చి చాక్ హిల్ రోడ్డు ఎక్కితే మాత్రం ఓర్చుకున్నందుకు ఫలితం దక్కుతుంది. ఓక్ చెట్ల మధ్య పొట్టి ఎక్కుడులూ, వెంటనే పల్లాలూ వస్తూ ఉంటాయి. గేర్లు మార్చే చేతికి పని తప్పదు. 2019 అక్టోబరులో కిన్‌కేడ్ కార్చిచ్చు 77 వేల ఎకరాలకు పైగా కాల్చినప్పుడు ఈ ప్రాంతం కూడా దెబ్బతిన్నది. కాలిన కొండల మీద పచ్చదనం క్రమంగా తిరిగి రావడం ఈ దారినే పదేపదే తొక్కినందువల్ల నేను దగ్గరగా గమనించగలిగాను.

ఏ దారి ఎంత ప్రశాంతమన్నది రోడ్డుతో పాటు గడియారాన్ని బట్టి, పంట పనిని బట్టి కూడా ఉంటుంది. వైన్ రుచిచూసే గదులు పదింటికో పదకొండింటికో తెరుస్తారు. అంతకు ముందే తిరుగుదారి పట్టినవారికి రోడ్డంతా తమదే. సాయంత్రం ఆ గదులు మూసే వేళ మాత్రం రోడ్డు మీద ఉండకపోవడమే క్షేమం. వేసవిలో ఉదయం నది వెంట పొగమంచు వచ్చి లోయను కప్పుతుంది. వెనుక ఎర్రదీపం లేకుండా బయలుదేరకూడదు. ఫిబ్రవరిలో వరుసల మధ్య ఆవపూలు పసుపుపచ్చగా విరగబూస్తాయి, జనసందడీ తక్కువ, అందుకే నాకు ఇష్టమైన నెల అదే. వసంతంలో మంచు పడే రాత్రుల్లో తోటల మీద పెద్ద పంకాలు తిప్పుతారు. తెల్లవారుజామున దూరం నుంచి ఆ చప్పుడు హెలికాప్టరేమో అనిపిస్తుంది. ఆకులకు బూడిద తెగులు రాకుండా గంధకం చల్లిన రోజుల్లో కళ్లు మండుతాయి కాబట్టి కళ్లద్దాలు తప్పనిసరి. ఇక ఆగస్టు నుంచి అక్టోబరు దాకా కోతలు. కోత తరచు రాత్రిపూటే దీపాల వెలుగులో మొదలుపెట్టి ఉదయానికి ముగిస్తారు. ద్రాక్ష నింపిన తొట్లను లాక్కుపోయే ట్రాక్టర్లు సన్నని రోడ్డు మీద ఎదురవుతాయి. వాటికి దారి ఇచ్చి పక్కన ఆగడమే మర్యాద, ఎందుకంటే అది వాళ్ల పొలం పని, మనది షికారు.

రోడ్ల నాణ్యత గురించి దాచడానికి ఏమీ లేదు. సొనోమా కౌంటీ పల్లె రోడ్లు అతుకుల బొంతలు. సన్నని 25 మిల్లీమీటర్ల టైర్లతో మొదట్లో తొక్కాను, తర్వాత 32కు మారాను. చేతుల తిమ్మిరి, నడుం నొప్పి బాగా తగ్గాయి. తొలి వానల తర్వాత కొండవాలుల నుంచి కంకర కొట్టుకొచ్చి మలుపుల్లో పేరుకుంటుంది, అక్కడ బ్రేకు మలుపుకు ముందే వేయాలి. లోయ లోపలి భాగాల్లో ఫోను సిగ్నలు నమ్మదగినది కాదు. పంక్చరు వేసుకునే సరంజామా, అదనపు ట్యూబు, రెండు సీసాల నీళ్లు లేకుండా చాక్ హిల్ వైపు వెళ్లకూడదు.

కాలిఫోర్నియాలో సైకిలును దాటే కారు కనీసం మూడడుగుల ఎడం ఇవ్వాలన్న చట్టం 2014 నుంచి ఉంది. వీలున్నచోట పక్క వరుసలోకి మారి దాటాలని 2023 నుంచి నియమం చేశారు. స్థానికులు దీన్ని చాలావరకు పాటిస్తారు. అలాగే మద్యం మత్తులో సైకిలు తొక్కడం కూడా ఇక్కడ నేరమే, 250 డాలర్ల దాకా జరిమానా పడవచ్చు. వైన్ రుచి చూడాలనుకునేవారు సైకిలును బసలో పెట్టాకనే ఆ పని పెట్టుకోవాలి.

పిల్లలతో వెళ్లేవారికి పై దారుల్లో ఏదీ సరిపోదు. వారికి శాంటా రోసా నుంచి సెబాస్టపోల్ దాకా పాత రైలుకట్ట మీద వేసిన జో రోడోటా ట్రెయిల్ ఉంది. కార్లు రావు, ఎత్తులు లేవు, కాకపోతే ద్రాక్షతోటల అందం కూడా అంతగా లేదు. ద్రాక్షతోటలున్న మరో చోటు లివర్‌మోర్ వ్యాలీ; అది డబ్లిన్, ప్లెజంటన్ తెలుగువారికి ఇంటి పక్కనే ఉన్నా, టెస్లా రోడ్డు మీది వాహనాల ఒత్తిడి నాకు నచ్చలేదు.

హీల్డ్స్‌బర్గ్ చేరడానికి కారే దిక్కన్న పరిస్థితి ఇప్పుడు కొంత మారింది. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఫెర్రీలో లార్క్‌స్పర్‌కు వెళ్లి, అక్కడి నుంచి స్మార్ట్ (SMART) అనే ప్రాంతీయ రైలెక్కితే, 2025 మే చివరి నుంచి అది హీల్డ్స్‌బర్గ్‌కు దక్షిణాన ఉన్న విండ్సర్ దాకా వస్తోంది. సైకిలును ఫెర్రీలోకీ రైల్లోకీ తీసుకెళ్లనిస్తారు. విండ్సర్‌లో దిగి ఈస్ట్‌సైడ్ రోడ్డు అందుకుంటే వోలర్ వంతెనా, వెస్ట్‌సైడ్ రోడ్డూ అందుబాటులోకి వస్తాయి. రైళ్లు ఎక్కువ ఎడంతో నడుస్తాయి కాబట్టి తిరుగు రైలు వేళ చూసుకుని, ఆ లెక్కన ఎంతదూరం తొక్కాలో ముందే తేల్చుకుని బయలుదేరాలి.