యాన్యుటీ కొంటున్నారా? 'పోతే ఏమొస్తుంది' గడి చూశాకే ఓటీపీ చెప్పండి

పీఎఫ్, గ్రాట్యుటీ చేతికొచ్చినవాళ్ళు, ఈ ఏడాదో వచ్చే ఏడాదో రిటైరయ్యేవాళ్ళు ఇది ఒక్కసారి చదవండి. యాన్యుటీ అంటే బీమా కంపెనీకి ఒకేసారి పెద్ద మొత్తం కడితే నెలనెలా పెన్షన్‌లా ఇచ్చే పాలసీ.

నేను కాకినాడలో ఓ ప్రైవేటు ఫ్యాక్టరీ స్టోర్స్‌లో పనిచేసి, 60 నిండాక 2025 మార్చిలో దిగిపోయాను. పెన్షనంటే ఈపీఎస్ కింద వచ్చే 3 వేల చిల్లరే. డబ్బు ఖాతాలో పడిన నాలుగో రోజున బ్యాంకు నుంచి ఫోను. "అంకుల్, అంత డబ్బు సేవింగ్స్‌లో ఊరికే పడుంది, ఒకసారి వచ్చి వెళ్ళండి."

వెళ్ళాను. టీ తెప్పించి, ఆ కుర్రాడు ఒక కాగితం ప్రింటు తీసి నా ముందు పెట్టాడు. 20 లక్షలు కడితే నెలకి ఎంతొస్తుందో వరసగా ఐదారు ఆప్షన్లు. అన్నిటికంటే పైన 13,750. కింద మన డబ్బు తిరిగొచ్చేవి, భార్యాభర్తలిద్దరికీ వచ్చేవి 11 వేల చిల్లర. నీలం పెన్నుతో 13,750 చుట్టూ రెండుసార్లు సున్నా చుట్టి, "ఇదే తీసుకోండి అంకుల్. ఎఫ్‌డీ వడ్డీలు రేపు తగ్గొచ్చు. ఇది మీరున్నన్నాళ్ళూ మారదు" అన్నాడు. ఇప్పుడు తలుచుకుంటే ఆ మాటలో అబద్ధమేమీ లేదు. "మీరున్నన్నాళ్ళూ" అన్నది నా చెవికెక్కలేదు, అంతే.

నామినీ గడిలో మా ఆవిడ పేరు రాయించాడు. దాంతో నాకు కొండంత ధైర్యం వచ్చింది. నామినీ ఉందంటే నేను పోయాక 20 లక్షలూ ఆవిడకొస్తాయనే కదా ఎవరైనా అనుకునేది! ఫారం ట్యాబులో అతనే నింపాడు, ఓటీపీలు నేను చదివి వినిపించాను. బీమా కంపెనీ నుంచి ఫోనొస్తుంది, అన్నిటికీ అవునని చెప్పండి అన్నాడు. చెప్పాను. జీఎస్టీ 1.8 శాతం కింద ఇంకో 36 వేలు పైన కట్టాను. (2025 సెప్టెంబరు 22 నుంచి అది ఎత్తేశారు, మీకు ఆ బాధ లేదు.)

పాలసీ బాండు కాగితంగా రాలేదు, ఈమెయిల్‌కి వచ్చింది. ఆ ఈమెయిల్ మా అబ్బాయి ఎప్పుడో గ్యాస్ బుకింగ్ కోసం తెరిచిపెట్టింది. నెలనెలా డబ్బు పడుతోంది కదా అని నేనూ వెతకలేదు. దసరాకి అబ్బాయి వచ్చి ఫోనులో తెరిచిస్తే, కళ్ళజోడు పెట్టుకుని చదివింది మా ఆవిడే.

"ఏమండీ, ఇక్కడ డెత్ బెనిఫిట్ నిల్ అని ఉందేంటి?"

నిల్ అంటే నిల్లే. నేను తీసుకున్నది ఒక్కడి ప్రాణం మీద, కట్టిన అసలు సొమ్ము తిరిగిరాని రకం. నేను రేపు పోతే ఎల్లుండి నుంచి రూపాయి రాదు. పోనీ మధ్యలో సరెండర్ చేద్దామంటే, అంటే పాలసీ వదిలేసి డబ్బు వెనక్కి తీసుకుందామంటే, అదీ లేదు, దీనిమీద లోనూ లేదు. ఏడాదికి 1,65,000 చొప్పున నా 20 లక్షలు నాకే తిరిగి రావడానికి 12 ఏళ్ళు దాటాలి. అంటే నేను 72 దాకా బతికితే అప్పుడు అసలు ముట్టినట్టు. ఆ తర్వాత వచ్చేదే లాభం. అదైనా ఇదే 13,750. అప్పటికి పాల ప్యాకెట్ ఎంతుంటుందో మీరే ఊహించుకోండి.

యాన్యుటీయే చెడ్డదని నేననను. వెనకాల ఎవరూ లేనివాళ్ళకి, ఒంటరిగా ఉన్నవాళ్ళకి ఈ రకమే సరిపోవచ్చు. 57 ఏళ్ళ భార్య, ఉద్యోగం లేని మనిషి, ఇంట్లో ఉండగా నాకు అంటగట్టారే, అదీ నా కడుపుమంట.

ఇంకా మండేది వేరే ఉంది. పోస్టాఫీసులో, బ్యాంకుల్లో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ ఉంది. 30 లక్షల దాకా వేసుకోవచ్చు. నేను రిటైరైనప్పుడు వడ్డీ 8.2 శాతం. నా 20 లక్షలు అందులో వేసుంటే మూడు నెలలకోసారి 41,000, అంటే నెలకి 13,660 పైచిలుకు. తేడా వంద రూపాయలు కూడా లేదు! పైగా ఐదేళ్ళకి అసలు అసలుగా చేతికొస్తుంది, కావాలంటే ఇంకో మూడేళ్ళు పొడిగించుకోవచ్చు, మధ్యలో నాకేమైనా అయితే ఇంట్లోవాళ్ళకి ముడుతుంది. ఐదేళ్ళ తర్వాత వడ్డీ తగ్గొచ్చన్నది నిజమే. కానీ ముందు ఇది నింపుకుని, మిగిలిందుంటే యాన్యుటీ గురించి ఆలోచించాల్సింది. అదే బ్యాంకులో ఆ స్కీమూ ఉంది. ఆ కాగితంలో మాత్రం లేదు. దానిమీద వాళ్ళకి పాలసీ కమీషన్ రాదు మరి.

బాండు అందిన 30 రోజుల్లోపు నచ్చలేదని వెనక్కిచ్చేసే హక్కు ఉంది, ఫ్రీ లుక్ అంటారు. నాకది తెలిసేటప్పటికి ఆరు నెలలు గడిచాయి. కంపెనీకి ఫిర్యాదు రాస్తే ఆప్షన్ మార్చడం కుదరదన్నారు, నా వెరిఫికేషన్ కాల్ రికార్డు వినిపించారు. "అన్ని ఆప్షన్లూ మీకు వివరించారా సార్?" "ఆఁ, అవునమ్మా." నా గొంతే. వెనకాల మా ఇంటి కుక్కర్ కూత కూడా వినబడుతోంది.

మీరు ఈమధ్యే కొనుంటే ఇవాళే ఈమెయిల్ తెరిచి తారీకు చూసుకోండి. గడువు దాటినా ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఇవ్వండి, బీమా కంపెనీలపై నిఘా పెట్టే ఐఆర్‌డీఏఐ వాళ్ళ 'బీమా భరోసా' ఫిర్యాదుల వెబ్‌సైట్‌లో లేదా 155255 నంబరులో నమోదు చేయించండి. నెల దాటినా జవాబు రాకపోయినా, కాదన్నా, బీమా ఫిర్యాదులు విని తీర్పు చెప్పే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళొచ్చు. ఏపీకీ తెలంగాణకీ హైదరాబాద్ ఆఫీసే. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. బ్యాంకులో ఇచ్చిన కాగితాలు పారేయకండి. నీలం సున్నా చుట్టిన కాగితం నా దగ్గర ఉండబట్టే అంబుడ్స్‌మన్‌కి ఇచ్చిన ఫిర్యాదుకి జత చేయగలిగాను.

విచారణకి ఇంకా పిలుపు రాలేదు. ఈలోగా మా ఆవిడ కూరల్లో ఉప్పు తగ్గించేసింది, బీపీ మాత్ర ఒక్కపూట మరిచిపోయినా ఊరుకోవడం లేదు. అడిగితే, "72 దాకా మిమ్మల్ని వదిలేది లేదు" అంటోంది.