మెర్కెల్ సెల్ క్యాన్సర్ ముదిరితే: కీమోనా, ఇమ్యునోథెరపీనా?

మెర్కెల్ సెల్ కార్సినోమా ఒక చర్మ క్యాన్సర్. మెలనోమా అనే మరో చర్మ క్యాన్సర్ కంటే చాలా అరుదు, దూకుడు మాత్రం ఎక్కువ. ముఖం, మెడ, చేతులు వంటి ఎండ తగిలే చోట ఎర్రగానో ఊదారంగులోనో గట్టి బుడిపె లేస్తుంది. నొప్పి ఉండదు, వారాల్లోనే పెరుగుతుంది. నొప్పి లేదు కదా అని వదిలేయడమే ఇక్కడ ప్రమాదం.

తొలిదశలో దొరికితే తర్జనభర్జన పెద్దగా ఉండదు. ఆపరేషన్, దగ్గరి లింఫ్ గ్రంథికి పరీక్ష, చాలామందికి రేడియేషన్. ఇతర అవయవాలకు పాకాకే అసలు చిక్కు.

కీమో అంటే సాధారణంగా సిస్‌ప్లాటిన్ లేదా కార్బోప్లాటిన్, తోడుగా ఎటోపొసైడ్ అనే మందులు. సగం మందికి పైగా గడ్డలు కరుగుతాయి, అదీ త్వరగా. ఆ సంబరం ఎక్కువ రోజులు నిలవదు. కొన్ని నెలలకే జబ్బు తిరగబెడుతుంది. పైగా రోగుల్లో ఎక్కువమంది పెద్దవయసువాళ్లు. తెల్లరక్తకణాలు పడిపోయి ఇన్ఫెక్షన్లు వస్తే తట్టుకోవడం కష్టం.

ఇమ్యునోథెరపీ అంటే మన రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే చికిత్స. అందులో అవెలుమాబ్ అనే మందుకు అమెరికా 2017లో అనుమతి ఇచ్చింది. అలాంటిదే అయిన పెంబ్రోలిజుమాబ్‌ను మొదటి మందుగా ఇచ్చినప్పుడు కూడా సుమారు సగం మందికి గడ్డలు తగ్గాయి. అంకెలు చూస్తే కీమో, ఇమ్యునోథెరపీ రెండూ సమానమే అనిపిస్తుంది కదా? తేడా మన్నికలో ఉంది: ఇమ్యునోథెరపీ పట్టినవాళ్లలో చాలామందికి జబ్బు ఏళ్ల తరబడి అదుపులో ఉంటోంది.

ఇమ్యునోథెరపీ ఇలా ఎందుకు పనిచేస్తుందో ఈ క్యాన్సర్ పుట్టుకలోనే తెలుస్తుంది. 2008లో పిట్స్‌బర్గ్‌లో యువాన్ చాంగ్, పాట్రిక్ మూర్ బృందం ఈ కణితుల్లో ఒక పాలియోమా వైరస్‌ను కనుక్కుంది. అమెరికా, యూరప్ రోగుల్లో దాదాపు 80 శాతం కణితుల్లో అది ఉంటుంది. (ఆరోగ్యవంతుల చర్మం మీదా మామూలుగా ఉండే వైరస్సే, కంగారు వద్దు.) మిగతావాటిలో అతినీలలోహిత కిరణాలు జన్యువుల్లో చేసిన మార్పులు కుప్పలుగా ఉంటాయి. వైరస్ ప్రోటీనైనా, మారిపోయిన ప్రోటీనైనా రోగనిరోధక కణాలకు పరాయివే. క్యాన్సర్ ఆ కణాలకు వేసిన బ్రేకును ఈ మందులు తీసేస్తాయి. అందుకే నా ఓటు ముందుగా ఇమ్యునోథెరపీకే.

దానికీ ఇబ్బందులున్నాయి. రెచ్చిపోయిన రోగనిరోధక వ్యవస్థ ఊపిరితిత్తులు, పేగులు, కాలేయం, థైరాయిడ్ మీద పడొచ్చు. అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లది మరీ ఇరకాటం. రోగనిరోధక శక్తిని అణిచే మందుల వల్లే వాళ్లకు ఈ క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. ఇమ్యునోథెరపీ ఇస్తే మార్చిన అవయవాన్నే శరీరం తిరస్కరించొచ్చు. కిడ్నీ అయితే డయాలసిస్ ఉందిలే అని తెగించే వీలుంది. గుండె అయితే ఆ వెసులుబాటు లేదు, అక్కడ కీమో మళ్లీ ముందుకొస్తుంది.