సూర్యమచ్చల యాత్ర: ఏ కొండ ఎక్కాలి, ఎక్కడ బస చేయాలి

సూర్యమచ్చల కోసం ఊరు దాటేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది ఊరి సంగతి కాదు, పొద్దు సంగతి. మచ్చల వివరం చక్కగా దక్కేది తెల్లవారాక మొదటి రెండు మూడు గంటల్లోనే. ఎండకు నేల కాగడం మొదలైతే వేడిగాలి పైకి లేచి సూర్యబింబం అంచు అలల్లా వణుకుతుంది. మచ్చ నల్లటి నడిమి భాగం చుట్టూ బూడిదరంగులో ఉండే పెనంబ్రా పోగులు ఆ వణుకులో కలిసిపోతాయి. సందర్శకులను లోపలికి పంపే వేళకి చాలాసార్లు ఈ మంచి సమయం దాటిపోతుంది. అందుకని బసను గది సోకును బట్టి ఎంచుకోవద్దు. ఉదయం ఏడింటికి తూర్పు దిక్కు అడ్డం లేకుండా కనిపించే డాబానో పచ్చిక నేలో ఉందా అని అడిగి ఎంచుకోవాలి. సిమెంటు డాబా కంటే గడ్డి నేల మేలు, అది నిదానంగా వేడెక్కుతుంది.

రెండోది, రోజుల లెక్క. భూమి మీద నుంచి చూస్తే సూర్యుడు సుమారు 27 రోజులకు ఒక చుట్టు తిరుగుతాడు. అంటే మచ్చ రోజుకు 13 డిగ్రీల చొప్పున జరుగుతుంది, తూర్పు అంచున కనబడినది రెండు వారాల లోపే పడమటి అంచున మాయమవుతుంది. ఒక్క పూట ఆగి వెళ్తే చుక్కలు చూసినట్టే గాని కదలిక చూసినట్టు కాదు. కనీసం నాలుగు ఉదయాలు ఒకేచోట ఉండండి. ఒక గుంపు పుట్టడమో, చీలడమో, కరిగిపోవడమో ఆ నాలుగు రోజుల్లో కళ్లపడే అవకాశం బాగా ఉంటుంది.

మూడోది ఏడాది. మచ్చలు సుమారు 11 ఏళ్లకోసారి పెరిగి తగ్గుతాయి, దాన్నే చక్రం అంటారు. 25వ చక్రం 2019 డిసెంబరులో మొదలై, నెలవారీ మచ్చల సంఖ్యలను నునుపు చేసిన సగటు ప్రకారం 2024 అక్టోబరులో 160.9 దగ్గర శిఖరం తాకింది. చక్రం ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడు నిదానం, అందుకే శిఖరం దాటిన రెండు మూడేళ్లు కూడా యాత్రకు పనికొస్తాయి. అప్పటి మచ్చలు సూర్యుడి మధ్యరేఖ వైపు దిగి ఉంటాయి. చక్రం మొదట్లో 30 డిగ్రీల అక్షాంశం చుట్టుపక్కల పుట్టినవి చివరికొచ్చేసరికి పది డిగ్రీల లోపే పుడతాయి. కనిష్ఠం ముంచుకొచ్చే ఏళ్లలో మాత్రం దూరప్రయాణం పెట్టుకోవద్దు. 2008, 2009లలో వారాల తరబడి ఒక్క మచ్చా లేని రోజులు గడిచాయి.

లొకార్నో: మా మొదటి ఓటు

సూర్యమచ్చల సంఖ్య ఎలా పుడుతుందో కళ్లారా చూడాలంటే స్విట్జర్లాండ్ దక్షిణాన టిచినోలో ఉన్న స్పెకోలా సొలారేకు మించిన చోటు లేదు. జ్యూరిక్ వేధశాలకు తోడుగా, ఆల్ప్స్‌కు అవతలి ఎండ కోసం 1957లో లొకార్నో పైనున్న మోంతి కొండ మీద దీన్ని కట్టారు. జ్యూరిక్‌లో మబ్బు పట్టిన రోజు ఇక్కడ ఆకాశం తెరిపిగా ఉంటుందన్న లెక్క అది. 15 సెంటీమీటర్ల జైస్ వక్రీభవన (కటకాలతో పనిచేసే) టెలిస్కోప్‌తో 25 సెంటీమీటర్ల బింబాన్ని కాగితం మీద పడేలా చేసి, పెన్సిలుతో మచ్చలను గీస్తారు. నాటి నుంచి నేటి వరకు అదే పద్ధతి. సూర్యమచ్చల సంఖ్యను ప్రకటించే బ్రస్సెల్స్‌లోని సిల్సో కేంద్రం ప్రపంచం నలుమూలల లెక్కలను పోల్చి చూసేది ఈ స్టేషన్‌తోనే.

ఇక్కడ చాలామంది తికమకపడే సంగతి ఒకటుంది. ఈ సంఖ్యను మొదలుపెట్టిన జ్యూరిక్ ఖగోళ శాస్త్రవేత్త రుడాల్ఫ్ వుల్ఫ్ సూత్రం తేలికే: గుంపుల సంఖ్యను పదితో హెచ్చవేసి విడి మచ్చల సంఖ్య కలపాలి. నాలుగు గుంపులు, 23 మచ్చలు ఉంటే 63. ఒకే ఒక్క మచ్చ ఉన్న రోజు విలువ 11, ఎందుకంటే ఆ ఒక్కటీ ఒక గుంపే. కానీ లొకార్నోలో పెద్ద మచ్చను దాని పరిమాణాన్ని బట్టి రెండుగా, మూడుగా, అయిదు దాకా లెక్కవేసే జ్యూరిక్ అలవాటు చాలాకాలం సాగింది. మీ లెక్క వాళ్ల పాత గీతల పక్కన తక్కువగా తేలితే కన్ను తప్పిందనుకోవద్దు. ఈ బరువు లెక్క వల్ల పెరిగిన భాగాన్ని 2015 జులై 1న విడుదలైన కొత్త పట్టికలో సరిదిద్దారు. అప్పుడే, వుల్ఫ్ కాలపు లెక్కకు సరిపడేలా హెచ్చవేసే పాత 0.6 గుణకాన్నీ తీసేశారు. 24వ చక్రం శిఖరం పాత పట్టికలో 81.9, కొత్తదాంట్లో 116.4 అని కనిపించేది అందుకే. రెండూ 2014 ఏప్రిల్ శిఖరానివే. పాత పుస్తకం నుంచి ఒక సంఖ్య, ఇప్పటి సైటు నుంచి ఒక సంఖ్య తీసుకుని పక్కపక్కన పెట్టకండి.

సందర్శనకు ముందే రాసి అనుమతి తీసుకోవాలి. తలుపు తట్టి లోపలికి వెళ్లే చోటు కాదు. గీసే పని ఉదయమే అయిపోతుంది కాబట్టి ఆ వేళకే రావచ్చా అని స్పష్టంగా అడగండి. బసకు సరస్సు ఒడ్డున ఉన్న హోటళ్లు అందంగా ఉంటాయి గాని, కొండవాలులో ఉన్నవే మా సలహా: ఎత్తు ఎక్కే దూరం తగ్గుతుంది, తూర్పు తెరిపి దక్కుతుంది. టిచినోలో హోటల్లోనో క్యాంపులోనో రాత్రి దిగినవాళ్లకు ఇచ్చే టిచినో టికెట్‌తో ఆ ప్రాంతమంతా రైళ్లు, బస్సులు ఉచితం. అది గది తీసుకున్నప్పుడే అడిగి తీసుకోండి, కారు అద్దె అవసరం ఉండదు. స్పెకోలా పక్కనే ఇర్సోల్ సౌర పరిశోధన సంస్థ కూడా ఉంది. ఒకే ఉత్తరంలో రెండింటికీ అడగవచ్చు.

తిరుగు దారిలో జ్యూరిక్‌లో అర పూట చాలు. గాట్‌ఫ్రీడ్ సెంపర్ గీసిన నమూనాతో 1864లో పూర్తయిన ఫెడరల్ వేధశాల భవనం ష్మెల్జ్‌బర్గ్ వీధిలో ఉంది. వుల్ఫ్ పని చేసింది అక్కడే. టాక్సీవాళ్లకు వేధశాల అని చెబితే ఊరి మధ్య ఉన్న ఉరానియా గోపురానికి తీసుకెళ్తారు. అది 1907 నాటి ప్రజా వేధశాల, వుల్ఫ్‌కు సంబంధం లేనిది. వీధి పేరు చెప్పాలి.

కొడైకెనాల్: వందేళ్ల గాజుపలకలు

తమిళనాడులో పళని కొండల మీద, 2,343 మీటర్ల ఎత్తున ఉన్న ఈ వేధశాల బలం దాని ఓపిక. 1904 నుంచి తెల్లటి వెలుగులోనూ, అదే దశకం నుంచి కాల్షియం కె గీత (కాల్షియం మింగే ఒక ఊదారంగు) వెలుగులోనూ తీసిన సూర్యుడి పలకలు ఇక్కడ దాచి ఉన్నాయి. గ్రీనిచ్ వాళ్ల మచ్చల పట్టికలో మబ్బు వల్ల ఖాళీ పడిన రోజులను పూరించిన చోట్లలో కొడైకెనాల్ ఒకటి. 1909 జనవరిలో ఇక్కడి శాస్త్రవేత్త జాన్ ఎవర్‌షెడ్ మచ్చ వర్ణపటాన్ని చూస్తూ, పెనంబ్రాలో వాయువు మచ్చ నడిమి నుంచి బయటికి పారుతోందని గుర్తించింది ఈ కొండ మీదే. సూర్యబింబం మధ్యలో ఉన్న మచ్చలో ఆ ప్రవాహం మన చూపుకు అడ్డంగా పోతుంది కనుక వర్ణపటంలోని నల్ల గీతలు జరగవు. అంచు వైపు ఉన్న మచ్చలోనే జరుగుతాయి. ఇది తెలిసి వెళ్తే మ్యూజియంలోని వర్ణపటం ముందు నిలబడినప్పుడు అడగాల్సిన ప్రశ్నలు దొరుకుతాయి.

1960 నుంచి ఉన్న సొరంగ టెలిస్కోప్ అసలు ఆకర్షణ. గోపురం మీద 60 సెంటీమీటర్ల అద్దాలు సూర్యుణ్ణి వెంటాడి వెలుగును నేల కిందికి పంపుతాయి. 38 సెంటీమీటర్ల కటకం, 36 మీటర్ల నాభ్యంతరం (కటకం నుంచి బింబం ఏర్పడే చోటుకు దూరం), 60 మీటర్ల సొరంగం. అంత పొడవు ఎందుకంటే బింబం వ్యాసం నాభ్యంతరంలో సుమారు 107వ వంతు వస్తుంది. 36 మీటర్లకు 34 సెంటీమీటర్ల సూర్యుడు పడతాడు. సామాన్య సందర్శకులకు సొరంగంలోకి ప్రవేశం దొరుకుతుందని నమ్ముకుని వెళ్లొద్దు. మ్యూజియంలో సూర్యుడి ప్రత్యక్ష బింబం, ఫ్రాన్‌హోఫర్ గీతల (వర్ణపటంలోని నల్ల గీతల) పట్టీ చూపిస్తారు, దానికి మబ్బు లేని ఉదయం కావాలి. సందర్శన వేళలు ఎండాకాలం ఒకలా, మిగతా నెలల్లో ఒకలా ఉంటాయి. బయలుదేరే వారంలోనే భారత ఖగోళ భౌతిక సంస్థ ప్రకటన చూసుకోండి.

ఇక్కడ దెబ్బతీసేది పొగమంచు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలంలో మూడు రోజులకు ఒక గంట ఎండ దొరికినా గొప్పే. జనవరి నుంచి ఏప్రిల్ వరకు ఉదయాలు బాగుంటాయి. మధ్యాహ్నానికి లోయలోంచి మబ్బు ఎక్కుతుంది. సరస్సు చుట్టూ ఉన్న బసలు దొన్నెలాంటి పల్లంలో ఉంటాయి, పొద్దు చేరడం ఆలస్యం. అబ్జర్వేటరీ వైపు ఎగువన గది తీసుకుంటే ఆ ఆలస్యం తప్పుతుంది. సొంత వాహనానికి 2024 మే నుంచి ఈ-పాస్ తప్పనిసరి. రైలులో అయితే కొడై రోడ్డు స్టేషన్‌లో దిగి ఘాట్ రోడ్డు ఎక్కాలి. వారాంతంలో ఆ ఘాట్ మీద గంటలు పోతాయి, మంగళవారం ఎక్కి శుక్రవారం దిగేలా పెట్టుకోండి.

ఉదయ్‌పూర్ ఫతేసాగర్ సరస్సులోని ద్వీప వేధశాలను ఒడ్డు నుంచి చూసి తృప్తిపడాలి. లోపలికి వెళ్లడానికి ముందస్తు అనుమతి ఉండాల్సిందే. చుట్టూ నీళ్లుండటం వల్ల గాలి త్వరగా వేడెక్కక నిలకడ ఎక్కువసేపు ఉంటుందన్న సూత్రం అక్కడ మీ చిన్న టెలిస్కోప్‌తోనే తెలుస్తుంది: నీటి మీదుగా సూర్యుడు కనిపించే ఒడ్డున నిలబడండి.

అమెరికా కొండలు, టెనెరిఫే

కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్ మీద 1908లో 60 అడుగుల గోపురంలో జార్జ్ ఎల్లరీ హేల్ మచ్చల్లో అయస్కాంత క్షేత్రాన్ని కనిపెట్టాడు. పక్కనే ఉన్న 150 అడుగుల గోపురంలో 1917 జనవరి నుంచి మచ్చలను గీస్తున్నారు. బింబం నలభై సెంటీమీటర్లు దాటుతుంది, ప్రతి మచ్చ పక్కన అయస్కాంత ధ్రువం, బలం రాస్తారు. చక్రం మారితే ముందు మచ్చ, వెనక మచ్చల ధ్రువాలు తారుమారవుతాయని, అసలు చక్రం 22 ఏళ్లదని తేలింది ఈ పనితోనే. వరుసగా వచ్చిన రెండు చక్రాల్లో గీసిన రెండు చిత్రాలు పక్కన పెట్టి ధ్రువాల గుర్తులు పోల్చమని గైడును అడగండి. అంత బాగా మరెక్కడా అర్థం కాదు.

బస పసడీనాలోనో లా కన్యాడాలోనో. ఉదయం లాస్ ఏంజెలెస్ మబ్బులో మునిగి ఉందని వెనక్కి తగ్గొద్దు. ఆ మబ్బు సముద్రపు చల్లగాలి పొర, కొండ దాని పైన ఉంటుంది. ఆ పొర ఉన్న రోజునే పైన గాలి నిలకడ ఎక్కువ. ఏంజెలెస్ క్రెస్ట్ రోడ్డు మంచు, రాళ్లు, కార్చిచ్చుల వల్ల తరచూ మూసేస్తారు. దారిలో పెట్రోలు దొరకదు, ట్యాంకు కిందే నింపుకోండి.

న్యూ మెక్సికోలో సన్‌స్పాట్ అనే ఊరే ఉంది. అక్కడికి పోయే రోడ్డు నంబరు 6563, హైడ్రోజన్ ఎర్ర గీత తరంగదైర్ఘ్యం ఆంగ్‌స్ట్రామ్‌లలో. 2,800 మీటర్ల ఎత్తు, డన్ టెలిస్కోప్ గోపురం భూమి మీద కనబడేదానికంటే కిందే ఎక్కువ లోతు. బస క్లౌడ్‌క్రాఫ్ట్‌లో. జులై, ఆగస్టుల్లో మధ్యాహ్నం ఉరుములు ఖాయం. సందర్శక కేంద్రం తెరిచి ఉందో లేదో ఫోను చేయకుండా కొండ ఎక్కొద్దు.

హవాయిలో హలేయాకలా మీది 4 మీటర్ల ఇనోయే టెలిస్కోప్ కోసమే వెళ్తే నిరాశే. అది ప్రజలకు తెరవరు, బయటి నుంచి తెల్ల గోపురం చూడటమే. దానికంటే స్పెయిన్‌కు చెందిన కానరీ దీవుల్లోని టెనెరిఫే మేలు. 2,390 మీటర్ల ఎత్తున తేయిదే వేధశాలకు ముందుగా బుక్ చేసుకునే గైడు పర్యటనలు ఉన్నాయి, ఫిల్టరు పెట్టిన టెలిస్కోపుల్లో సూర్యుణ్ణి చూపిస్తారు. తీరంలో దిగితే రోజూ సున్నా నుంచి రెండువేల మీటర్లు ఎక్కి దిగాలి, తలనొప్పి తప్పదు. జాతీయ ఉద్యానం లోపలి పరదోర్ హోటల్‌లో రెండు రాత్రులు తీసుకోవడం ఖర్చయినా సబబు. సహారా ధూళి, అక్కడివాళ్లు కలీమా అనేది, వీచిన రోజు ఆకాశం పాలలా తెల్లబడుతుంది. మచ్చలు కనిపిస్తాయి గాని అంచు దగ్గరి ఫాక్యులాలు, అంటే తెల్లని మెరుపు మరకలు, కనబడవు.

సంచిలో ఏముండాలి

60 నుంచి 80 మిల్లీమీటర్ల వక్రీభవన టెలిస్కోప్, దాని ముందు కటకానికి సరిపోయే డెన్సిటీ 5 (వెలుగులో లక్షో వంతే పంపే) ఫిల్టరు ఫిల్ము. 3.8 డెన్సిటీ ఫిల్ము ఫొటోలకే, కంటికి కాదు. ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) చివర బిగించే నల్ల గాజు ఫిల్టర్లు వేడికి పగులుతాయి, పగిలిన క్షణం కన్ను పోతుంది, అలాంటిది సంచిలో ఉంటే పారేయండి. ఫిల్మును గట్టి డబ్బాలో చేతి సామానులో ఉంచండి. ప్రతి ఉదయం దీపానికి ఎదురుగా పట్టి సూదిబెజ్జాలు చూడండి. ఫైండరుకు (గురి చూసే చిన్న టెలిస్కోప్‌కు) మూత పెట్టడం మరవొద్దు.

కాగితం మీద పడేలా చేసే పద్ధతి ఇష్టమైతే 700 మిల్లీమీటర్ల నాభ్యంతరం, 20 మిల్లీమీటర్ల ఐపీస్, కాగితం ఐపీస్‌కు 48 సెంటీమీటర్ల దూరం: 15 సెంటీమీటర్ల బింబం వస్తుంది. అంటించిన కటకాల ఖరీదైన ఐపీస్ వాడితే జిగురు కరుగుతుంది, అంటించని కటకాల సాదా హైగెన్స్ ఐపీస్ చాలు. అద్దాల టెలిస్కోప్‌తో ఈ పని వద్దు, లోపల వేడి చేరి చిన్న అద్దం చెడుతుంది.

గీశాక దిక్కు రాయకపోతే ఆ బొమ్మ ఎందుకూ పనికిరాదు. టెలిస్కోప్‌ను తిప్పే మోటారు ఆపి బింబాన్ని జరగనివ్వండి, మచ్చ జరిగే వైపే పడమర. సూర్యుడి అక్షం ఆకాశపు ఉత్తరం నుంచి ఏప్రిల్ మొదట్లో ఒక పక్కకు, అక్టోబరులో రెండో పక్కకు 26 డిగ్రీల దాకా వాలి ఉంటుంది. జనవరి మొదటి వారంలోనూ జులై మొదటి వారంలోనూ నిటారుగా ఉంటుంది, కొత్తవాళ్లకు ఆ రోజులు తేలిక. తేదీ, అంతర్జాతీయ సమయం, టెలిస్కోప్ వ్యాసం, గాలి నిలకడ ఒకటి నుంచి అయిదు దాకా ఎంతో మూలన రాసి, మీ సంఖ్య వేసిన తరవాతే సిల్సో వాళ్ల ఆ రోజు సంఖ్య తెరవండి. ముందే చూస్తే లేని చుక్కలు కూడా కనబడతాయి.