ఇసుక లేని ట్యాంకుకు కోరిస్ రాస్ చేపను అంటగడుతున్నారు, జాగ్రత్త

నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు వైపు నుంచి హైదరాబాద్ వెళ్లి ఇంట్లో గాజు ట్యాంకులో పెంచుకోవడానికి సముద్రపు చేపలు తెచ్చుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నా. పోయిన ఏప్రిల్‌లో నాకు పోయింది 3,800 రూపాయలు, ఒక చేప. పైసల సంగతి పక్కన పెడితే, అది చచ్చిన తీరే ఇంకా కళ్ల ముందు ఉంది.

నాది మూడడుగుల ట్యాంకు. కడగడం తేలికని అడుగున ఇసుక వేయలేదు. రెండు క్లౌన్ చేపలు, ఒక క్లీనర్ రొయ్య, కొన్ని నత్తలు. షాపులో నారింజ రంగు ఒళ్లు, నల్ల అంచున్న తెల్ల మచ్చలతో వేలెడంత చేప కనిపించింది. రెడ్ కోరిస్ రాస్ అన్నారు. రాస్ అంటే ఒక సముద్రపు చేపల కుటుంబం, కోరిస్ అందులో ఒక రకం. ఫోన్లో నా ట్యాంకు ఫోటో చూపించి మరీ అడిగాను. "ఏం గాదన్నా, కోరిస్ చిన్నదే, ఇంతకంటే పెద్దగ కాదు. ఇసుక గిసుక అక్కర్లేదు" అన్నాడు కౌంటర్ దగ్గరి తమ్ముడు.

థర్మోకోల్ డబ్బా ఒళ్లో పెట్టుకుని, తడిగుడ్డ కప్పి బస్సులో తెచ్చాను. గంటసేపు చుక్కచుక్కగా నా ట్యాంకు నీళ్లు కలిపి వదిలాను. సాయంత్రం దాకా హాయిగానే తిరిగింది. లైటు ఆర్పాక మొదలైంది. తల కిందికి పెట్టి అడుగు గాజును పొడుస్తూనే ఉంది. ఆటనుకుని వీడియో కూడా తీశా, సిగ్గేస్తుంది చెప్పడానికి. తెల్లారేసరికి కింది పెదవి చీరుకుపోయి తెల్లగా వేలాడుతోంది.

ఈ రకం రాస్‌లు రాత్రి ఇసుకలో దూరి పడుకుంటాయట. బెదిరినా అంతే. సన్న ఇసుక కనీసం రెండంగుళాలు ఉండాలి, పెద్దదైతే ఇంకా లోతు. ఆదరాబాదరాగా ఒక ప్లాస్టిక్ డబ్బాలో ఇసుక పోసి ట్యాంకులో పెట్టాను. దూరింది గానీ తిండి ముట్టలేదు. షాపుకు ఫోన్ చేస్తే ఏదో మందు వేయమన్నారు. సీసా మీద చదివితే రాగి మందు. అది పడితే నా రొయ్య, నత్తలు బతకవు. వేయలేదు. ఐదో రోజు చేప పోయింది.

బతికినా నా దగ్గర ఇమిడేది కాదు. ఆ నారింజ రంగు చిన్నప్పటిదే. పెరిగితే ఒంటి మీద నీలి చుక్కలు, పసుపు తోక వచ్చి, 40 సెంటీమీటర్ల దాకా అవుతుంది. నత్తలు, పీతలు, రొయ్యలే దాని భోజనం. మూడడుగుల ట్యాంకులో దాన్ని పెట్టడమంటే మంచం కింద దున్నపోతును కట్టేసినట్టే. యెల్లో కోరిస్ పేరుతో అమ్మేది వేరే చేప, 12 సెంటీమీటర్లకు మించదు. ఆ తమ్ముడు పేరు చూసి రెండూ ఒకటే అనుకున్నాడో, తెలిసే అన్నాడో. ఆ పసుపుదానికీ ఇసుక కావాల్సిందే.

డబ్బు అడిగితే "మీ ట్యాంకుల చచ్చింది గదన్నా" అన్నారు. బిల్లు మీద 'మెరైన్ ఫిష్ 1' అని తప్ప పేరే లేదు, ఏం చూపించి కొట్లాడాలి? బదులుగా నీలి చారల క్లీనర్ రాస్ ఇస్తామన్నారు. మిగతా చేపల ఒంటి మీది పురుగులు, చర్మం తిని బతికే చేప అది. నా రెండు క్లౌన్‌లతో దాని కడుపెట్లా నిండుతుంది? ఇండ్ల ట్యాంకుల్లో చాలామటుకు ఆకలితోనే పోతాయి. వద్దన్నాను.

కొనేటప్పుడు బిల్లు మీద చేప శాస్త్రీయ నామం రాయించుకోండి. రాయమంటే నసిగితే బయటికొచ్చేయండి. మీ ముందే తిండి వేయించి, తింటేనే పైసలు ఇవ్వండి. రాస్ ఏదైనా ఎగిరి బయట పడుతుంది, ట్యాంకు మీద వల మూత లేకుండా తేవద్దు.

నిన్న ఆ షాపు వాట్సాప్ స్టేటస్ చూశాను. అదే నారింజ పిల్ల. కింద 'చిన్న ట్యాంకుకు బెస్ట్' అని రాశారు.