ఫొటోనా, పూర్తి లిస్టా: వన్యప్రాణుల మ్యాపుకి ఏది మేలు?

మామూలు జనం పంపే వివరాలతో వన్యప్రాణుల మ్యాపు గీస్తామనగానే చాలామందికి వచ్చే అనుమానం, "పేర్లు సరిగ్గా గుర్తుపట్టారా?" అని. నాకు మాత్రం మ్యాపులో ఖాళీగా ఉన్న చోట్లతోనే టెన్షన్. అక్కడ ఆ జీవి లేదా, లేక అక్కడికి ఎవరూ వెళ్లలేదా?

పేరు విషయంలో, జనం తీసిన ఫొటోలు పెట్టి జీవుల పేర్లు తేల్చుకునే ఐనేచురలిస్ట్ యాప్‌దే పైచేయి. ఫొటో ఉంటుంది కాబట్టి పదేళ్ల తర్వాతైనా ఎవరో ఒకరు తప్పు పట్టుకోవచ్చు. తేదీ, చోటు ఉండి, కనీసం ఇద్దరు చూసి, వాళ్లలో మూడింట రెండొంతుల కంటే ఎక్కువమంది ఒకే పేరు చెబితేనే 'రీసెర్చ్ గ్రేడ్', అంటే పరిశోధనకు పనికొస్తుందన్న ముద్ర, ఇస్తారు. కప్పలు, సీతాకోకచిలుకలు, మొక్కలకైతే నేను ఇంకో దారి వెతకను. కానీ పిచ్చుకకు, కాకికి పనిగట్టుకుని ఫొటో తీసేదెవరు? పిచ్చుక ఫొటోలు తగ్గాయంటే పిచ్చుకలు తగ్గాయో, తీసేవాళ్లకు విసుగొచ్చిందో చెప్పలేం.

పిట్టలు చూసేవాళ్లు తమ లిస్టులు పంపే ఈబర్డ్ 2002లో మొదలైంది, దాని పద్ధతి వేరు. ఎంతసేపు చూశారు, ఎంత దూరం నడిచారు, ఎంతమంది ఉన్నారు అని అడిగి, చివర్లో ఇంకో ప్రశ్న వేస్తుంది: గుర్తుపట్టిన పిట్టలన్నీ రాశారా? చెరువు గట్టున ఇరవై నిమిషాలు కూర్చుని రెండు కొంగలు, ఒక లకుముకి పిట్ట, ఏడు గోరింకలు రాసి 'అవును' నొక్కామనుకోండి. రాయని పిచ్చుకకు సున్నా పడినట్టే. సున్నా అంటే అసలు లేదని కాదు, అంతసేపు చూసినా కనబడలేదని. శ్రమ లెక్క పక్కనే ఉంటుంది కాబట్టి ఆ సున్నాతో పని జరుగుతుంది. ఫొటోల కుప్పలో ఈ సున్నా దొరకదు.

లిస్టులోనూ తప్పులుంటాయి. ఆ ప్రాంతానికి మామూలు కాని పిట్టో, మరీ పెద్ద సంఖ్యో రాస్తే ఫిల్టర్ ఆపుతుంది, వాలంటీర్ రివ్యూయర్ ఆరా తీస్తారు. ఒకేలా ఉండే రెండు మామూలు పిట్టల్లో ఒకదాన్ని ఇంకోటి అనుకుంటే మాత్రం అడిగే నాథుడుండడు. దూరం మరో తలనొప్పి. పన్నెండు కిలోమీటర్లు నడిచి ఒకే లిస్టు పెడితే చెరువులో బాతు, గుట్ట మీది గద్ద మ్యాపులో ఒకే పిన్ను మీద కూర్చుంటాయి. అందుకే పరిశోధకులు తరచూ 5 కిలోమీటర్లు దాటిన లిస్టులను పక్కన పెడతారు.

ఫొటో పిన్నునూ గుడ్డిగా నమ్మకూడదు. వేటగాళ్ల భయంతో అరుదైన జీవుల చోటును ఐనేచురలిస్ట్ 0.2 డిగ్రీల గడిలో ఎక్కడో ఒకచోట చూపిస్తుంది. భూమధ్యరేఖ దగ్గర ఆ గడి దాదాపు 22 కిలోమీటర్ల వెడల్పు. దాచడం సబబే. అది తెలియకుండా ఆవాసాల మ్యాపు గీస్తే గుట్ట మీది పులి చెరువు మధ్యలో తేలుతుంది!

రెండింటికంటే పక్కా పద్ధతి బ్రిటన్‌లో 1994 నుంచి నడుస్తున్న బ్రీడింగ్ బర్డ్ సర్వే, అంటే గూళ్లు కట్టే కాలంలో పిట్టల లెక్క. కిలోమీటరు గడులను లాటరీలా ఎంపిక చేస్తారు, వాలంటీరు బోరు కొట్టే పొలానికైనా వెళ్లాల్సిందే. ఏటా తిరిగొచ్చే మనుషులుంటే కళ్లుమూసుకుని దీన్నే ఎంచుకోవచ్చు. చాలాచోట్ల ఉండరు.

పిట్టల పెరుగుదల, తరుగుదల తేల్చాలంటే నా ఓటు చిన్న చిన్న పూర్తి లిస్టులకే. అనుమానమున్న పిట్టకు ఫొటో జత చేయండి. ఫొటో కూడా లేకపోతే ఊహించి పేరు పెట్టకుండా 'ఏదో ఒక గద్ద' అని గుంపు పేరు ఎంచుకునే వీలు ఈబర్డ్‌లో ఉంది. అలా రాసినా లిస్టు పూర్తి లిస్టే.