మూడు నెలల్లో మాట గ్యారంటీ అన్నారు, చెవి మాత్రం చూడలేదు: కర్నూలు తల్లిదండ్రులకు హెచ్చరిక

కర్నూలు, నంద్యాల, ఆదోని, డోన్ చుట్టుపక్కల పిల్లలకు స్పీచ్ థెరపీ కోసం తిరుగుతున్న అమ్మానాన్నల కోసం ఇది రాస్తున్నా. మీ బిడ్డకు వినికిడి పరీక్ష చేయించకుండా, లోపల కూర్చుని థెరపీ చేసేది ఎవరో చెప్పకుండా, ప్యాకేజీ డబ్బు మొత్తం ముందే కట్టమంటే దయచేసి కట్టకండి. మేము కట్టినాం. 48,000 రూపాయలు. డబ్బు సంగతి తర్వాత చెప్తా. దానికన్నా పెద్ద నష్టం, మా పిల్లోడి వయసులో ఐదు నెలలు ఉత్తగా పోయినాయి.

అప్పుడు వాడికి రెండేళ్ల నాలుగు నెలలు. అమ్మ, తాత, బౌబౌ, ఈ మూడు మాటలే. ఏమన్నా కావాలంటే నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయి చూపించేవాడు. మా అత్త "వాళ్ల నాయన కూడా నాలుగేళ్లకే నోరు తెరిచినాడు, ఎందుకు బెంగ" అనింది. మా అమ్మ ఆదోని నుంచి వస కొమ్ము తెచ్చి, అరగదీసి నాలుకకు రాసింది. పక్కింటామె నాలుక కింద పొర అంటుకుందేమో, కోయించమనింది. వాళ్లందరూ వాడి మీద ప్రేమతోనే చెప్పినారు. తర్వాత పిల్లల డాక్టరును అడిగితే, వస వల్ల మాటలు రావు, కడుపులోకి పోతే వాంతులు పట్టుకుంటాయి, మానేయండి అన్నారు. నాలుక కింద పొర బిగుతుగా ఉంటే పాలు తాగడానికో, కొన్ని శబ్దాలు పలకడానికో ఇబ్బంది రావచ్చు గానీ, మాటలే రాకపోవడానికి అది కారణం కాదట.

మాకున్న కంగారులో ఒక ప్రైవేటు సెంటర్‌కు పోయినాం. పేరు రాయను. రంగుల గోడలు, బంతుల తొట్టి, చూడగానే నమ్మకం కలిగే చోటు. కౌంటర్ దగ్గరున్నామె పావుగంట ఏవో ప్రశ్నలు అడిగి, కాగితం మీద టిక్కులు పెట్టి, "మైల్డ్ ఆటిజం లక్షణాలు కనపడుతున్నాయి, ఇప్పుడు మొదలుపెట్టకపోతే చేయి దాటిపోతుంది" అనింది. ఆ మాట విన్నాక ఇంక మాకు ఏమీ వినపడలేదు. 60 సెషన్లు, 60,000. ఈ వారంలో కడితే 48,000. మూడు నెలల్లో మాట గ్యారంటీ. నా గాజులు బ్యాంకులో పెట్టి తెచ్చి కట్టినాం. మాకిచ్చింది ఒక తెల్ల చీటీ, దాని మీద సంతకం, అంతే.

ఆటిజం అనే మాట పావుగంటలో, అదీ కౌంటర్ దగ్గర తేలేది కాదని ఇప్పుడు తెలుసు. బిడ్డను ఆడిస్తూ, చూస్తూ, పుట్టినప్పటి నుంచి అన్నీ అడిగి తెలుసుకుని, పిల్లల డాక్టరూ సైకాలజిస్టూ స్పీచ్ వాళ్లూ కలిసి చెప్పాల్సిన సంగతి అది. ఆ మాట చెప్పి అదే నిమిషంలో రసీదు పుస్తకం తీసినారంటే లేచి వచ్చేయండి.

సెషన్ 45 నిమిషాలన్నారు, అరగంటకే పంపేవారు. మేడం రాలేదని, పండగని, ఇంకో పిల్లోడి అసెస్‌మెంట్ ఉందని సగం రోజులు లేదనేవారు. మూడు నెలలన్నది ఐదు నెలలైనా 23 సెషన్లే అయినాయి. నన్ను ఎప్పుడూ లోపలికి రానీలేదు. "తల్లి ఉంటే పిల్లోడు ఏడుస్తాడు, మీరు బయట కూర్చోండి." లోపలేం జరుగుతోందో టీవీలో చూపించండి అంటే కెమెరా రిపేరు అన్నారు.

ఒకరోజు కరెంటు పోయింది. ఉక్కకు తలుపు తీసినారు. మా వాడు కుర్చీలో బెల్టు కట్టుకుని ఉన్నాడు. ఎదురుగా సెల్‌ఫోన్‌లో ఇంగ్లీషు రైమ్స్ నడుస్తున్నాయి. ఒక అమ్మాయి ఒక చేత్తో ఆపిల్, బాల్ అని కార్డులు చూపిస్తూ, ఇంకో చేత్తో వాడి నోట్లో ఏదో వణికే బ్రష్షు పెట్టి తిప్పుతోంది. వాడు ఏడవడం కూడా లేదు, ఊరికే చూస్తున్నాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ కళ్లలోనే ఉంది.

ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. బయటికొచ్చినాక మెల్లగా అడిగితే నిజమే చెప్పింది. డిగ్రీ బీఎస్సీ, రెండు నెలలు ఇక్కడే నేర్చుకుందట. బోర్డు మీద పేరూ రిజిస్ట్రేషన్ నంబరూ ఉన్న మేడం నెలకు ఒకసారి వస్తారట. మా వాడిని ఆమె ఒక్కసారి కూడా చూడలేదు.

అసలు సంగతి బయటపడింది నంద్యాలలో, మా ఆడబిడ్డ ఇంట్లో. ఆమె నర్సు. వాడు బొమ్మ కారుతో ఆడుకుంటుంటే వెనక నిలబడి, మామూలు గొంతుతో పేరు పెట్టి పిలిచింది. తిరగలేదు. ఇంకా మెల్లగా పిలిచింది, తిరగలేదు. "వదినా, వీడి చెవులు చూపించినారా?" అనింది. చూపించలేదు. ఎందుకంటే వాడు కుక్కర్ విజిల్‌కు తిరుగుతాడు, టపాకాయలకు ఉలిక్కిపడతాడు, టీవీ పెడితే పరిగెత్తుకొస్తాడు. చెవుడు ఉంటే ఇవన్నీ ఎందుకు చేస్తాడు అనుకున్నాం. పెద్ద చప్పుళ్లు వినపడటం వేరు, మాటలో ఉండే సన్నని శబ్దాలు వినపడటం వేరని మాకు ఎవరు చెప్పినారు? చెప్పాల్సిన వాళ్లు ఆ సెంటర్ వాళ్లే. వాడికి ఏడాదంతా జలుబే. రాత్రి నోరు తెరుచుకుని గురక పెట్టేవాడు. ఆ సంగతి కౌంటర్‌లో నేనే చెప్పినా. ఎవరూ పట్టించుకోలేదు.

మరుసటి వారం పెద్దాసుపత్రిలో ఈఎన్‌టీ ఓపీకి పోయినాం. చెవిలోకి లైటు వేసి చూసి పరీక్షలకు రాసినారు. టింపనోమెట్రీ అని చెవిలో చిన్న బిరడా పెట్టి గాలి ఒత్తిడితో చూస్తారు, నిమిషం పని, నొప్పి ఉండదు. కర్ణభేరి బాగుంటే గీత కొండలాగా లేస్తుంది. మా వాడికి రెండు చెవుల్లోనూ గీత చదునుగా వచ్చింది, అంటే వెనక నీరు నిలిచింది. బెరా పరీక్షకు బిడ్డ నిద్రపోవాలి. ఆ రోజు తెల్లవారుజామున నాలుగింటికే లేపి, దారంతా నిద్రపోకుండా ఆడించుకుంటూ తీసుకుపోయినాం. తలకు వైర్లు అంటించి, శబ్దానికి మెదడు ఎట్లా స్పందిస్తుందో చూస్తారు. నీళ్లలో మునిగి బయటి మాటలు వింటే ఎట్లుంటుందో, మీ బిడ్డకు మీ మాట అట్లా వినపడుతోందమ్మా అని డాక్టరు చెప్పినారు. అక్కడే ఏడ్చేసినా. ఐదు నెలలు సరిగా వినపడని బిడ్డకు కార్డులు చూపించి "చెప్పు, చెప్పు" అంటూ కూర్చున్నామన్నమాట.

చాలామంది పిల్లల్లో ఈ నీరు మూడు నెలల్లో దానంతట అదే తగ్గిపోతుందట, అందుకని ఆగి మళ్లీ పరీక్ష చేసినారు. మా వాడికి తగ్గలేదు. ముక్కు వెనక పెరిగిన ఎడినాయిడ్స్ అనే కండ తీసి, చెవుల్లో గ్రోమెట్ అనే చిన్న గొట్టాలు వేసినారు. ఇంటికొచ్చిన రెండో రోజు చింతచెట్టు మీద కాకి అరిస్తే ఆట ఆపేసి పైకి చూసినాడు.

ప్రతి బిడ్డకూ చెవిలోనే సమస్య ఉంటుందని నేను అనడం లేదు. కొందరికి నిజంగానే ఆటిజం ఉంటుంది, కొందరికి బుద్ధి ఎదుగుదల నెమ్మదిగా ఉంటుంది, కొందరికి మాట ఒక్కటే ఆలస్యం. కారణం ఏదైనా మొదటి మెట్టు మాత్రం వినికిడి పరీక్షే. ఆ రిపోర్టు అడగకుండా థెరపీ మొదలుపెట్టిన చోట మీరు ఉండొద్దు.

ఇంక థెరపీ చేసేవాళ్ల సంగతి. 1992 నాటి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చట్టం ప్రకారం ఈ పని చేసేవాళ్లు ఆ కౌన్సిల్ రిజిస్టర్‌లో ఉండాలి. ఆర్‌సీఐ నంబరు అనీ, సీఆర్‌ఆర్ నంబరు అనీ అంటారు. రిజిస్టర్ లేకుండా చేస్తే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అని అదే చట్టంలో ఉంది. ఆ వెయ్యికి ఎవరూ భయపడరు గానీ, మనం నంబరు అడిగితే మాత్రం తడబడతారు. బీఏఎస్‌ఎల్‌పీ అంటే మాట, వినికిడి సమస్యల మీద ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్ల డిగ్రీ చదువు, దాని పైన ఎంఏఎస్‌ఎల్‌పీ. డీహెచ్‌ఎల్‌ఎస్ అని ఏడాది డిప్లొమా చేసినవాళ్లు కూడా ఉంటారు, వాళ్లు పెద్ద చదువు వాళ్ల పర్యవేక్షణలో పనిచేయాలి. గోడ మీద ఫ్రేము కట్టిన నంబరు చూసి మేము మోసపోయినాం. మీరు అడగాల్సింది రోజూ మీ బిడ్డ ఎదురుగా కూర్చునే మనిషి నంబరు. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో వెతికి చూసుకోండి.

గదిలో మీరు ఉండాలి. ఇది నేను ఎన్నిసార్లైనా చెప్తా. ఇప్పుడు మేము పోతున్న స్పీచ్ థెరపిస్టు మొదటి రోజే నన్ను చాప మీద కూర్చోబెట్టింది. "వారానికి రెండు గంటలు నేను చేసేదానికన్నా, మిగతా రోజులంతా మీరు చేసేదే వాడికి మాట తెస్తుంది" అనింది. ఆమె నేర్పినవి చిన్న చిన్నవి. వాడి కళ్ల ఎత్తుకు వంగి మాట్లాడాలి. నీళ్లు అడగకముందే గ్లాసు చేతికివ్వకుండా, చూపించి కాసేపు ఆగాలి. "పాలా, నీళ్లా?" అని రెండూ చూపించి అడగాలి. వాడు "బండి" అంటే మనం "పెద్ద బండి", "బండి పోయింది" అని ఒక మాట కలిపి అనాలి. "ఇదేంది? చెప్పు!" అని పరీక్ష పెట్టకూడదు. నోట్లో బ్రష్షు తిప్పితేనో, ఈల ఊదిస్తేనో మాటలు వస్తాయనడానికి ఆధారం లేదని కూడా ఆమే చెప్పింది.

ఆ సెంటర్ వాళ్లు ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడమన్నారు, ఒక్క భాష ఉంటే తొందరగా వస్తుందని. మా ఇంట్లో తెలుగు, మా అమ్మకు కన్నడ వస్తుంది, కింది వాటా వాళ్లది ఉర్దూ. మూడు నెలలు మా అమ్మ మనవడితో మాట్లాడటానికే భయపడింది. రెండు మూడు భాషలు వింటే మాట ఆలస్యం కాదు, మీకు మనసుకు దగ్గరగా ఉన్న భాషలో మాట్లాడండి అని ఈ కొత్త థెరపిస్టు చెప్పినాక మా అమ్మ ముఖం చూడాల్సింది.

ఎప్పుడు చూపించాలి అని అడిగేవాళ్ల కోసం: ఏడాది నిండినా బబబ, దదద అనకపోయినా, వేలు పెట్టి చూపించకపోయినా, పదహారు నెలలకు ఒక్క మాట రాకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు సొంతంగా కలపకపోయినా చూపించండి. వచ్చిన మాటలు పోతే ఏ వయసైనా సరే, ఆ వారమే పోండి. మగపిల్లలు ఆలస్యంగానే మాట్లాడతారని కూర్చోవద్దు. పిల్లలకు ఫోన్ చూపించే సంగతి కూడా ఒకటుంది. రెండేళ్ల లోపు అసలు వద్దని, ఐదేళ్ల దాకా రోజుకు గంట మించకూడదని పిల్లల డాక్టర్ల సంఘం 2021లో మార్గదర్శకాలు ఇచ్చింది.

డబ్బు లేక ప్యాకేజీ వెంట పడాల్సిన పని లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ల దాకా పరీక్షలు ఉచితం. పిల్లల ఎదుగుదల లోపాలను ముందే పట్టి సాయం చేసే డీఈఐసీ అనే జిల్లా స్థాయి కేంద్రాలు ఆ పథకంలోవే. పెద్దాసుపత్రిలోనో, మీ అంగన్‌వాడీ టీచరునో, ఆశా కార్యకర్తనో అడగండి. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ చదువుల పథకం వాళ్ల భవిత కేంద్రాలున్నాయి. ఒక్కసారి గట్టిగా పరీక్ష చేయించుకోవాలంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థలున్నాయి. అనంతపురం వైపు వాళ్లకు మైసూరులో 1965 నుంచి నడుస్తున్న ఆలిండియా స్పీచ్ అండ్ హియరింగ్ సంస్థ ఉంది. అక్కడ రిపోర్టూ, ఇంట్లో చేయాల్సిన పనీ రాయించుకొస్తే, ఊర్లో ఎవరి దగ్గరికి పోయినా మీ చేతిలో ఒక ఆధారం ఉంటుంది.

మిగిలిన 37 సెషన్ల డబ్బు, 29,600, తిరిగి ఇమ్మంటే "నాన్ రిఫండబుల్" అన్నారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టినా. 2019 వినియోగదారుల చట్టం కింద, బిల్లు ఇవ్వకపోవడం, సేవ సరిగా లేనప్పుడు డబ్బు వాపసు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతులే. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ల లోపు కేసు వేయొచ్చు, ఐదు లక్షల లోపు మొత్తానికి ఫీజు కూడా లేదు. ఫిర్యాదు కాగితం చూపించినాక 15,000 ఇచ్చినారు. మిగతాది వచ్చే నెల అంటున్నారు, ఇవ్వకపోతే కమిషన్‌కే పోతాం. ఇప్పటికే ఎక్కడన్నా కట్టేసినవాళ్లు ఫోన్‌పే వివరాలు, చీటీలు, వాట్సాప్ మెసేజ్‌లు చెరపకండి. ఏ రోజు ఎంతసేపు చేసినారో ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోండి. మా ఆయన రాసిపెట్టిన క్యాలెండరే మాకు పనికొచ్చింది.

మా వాడికి ఇప్పుడు మూడేళ్ల నాలుగు నెలలు. "నీళ్లు ఇయ్యి", "తాత బండి వచ్చ" అంటున్నాడు. వయసుకు ఇంకా వెనకే ఉన్నాడు, థెరపీ నడుస్తోంది, వచ్చే నెల మళ్లీ చెవుల పరీక్ష ఉంది. పొద్దున్నే ఆదోనికి ఫోన్ చేస్తే మా అమ్మ అటునుంచి కన్నడలో పలకరిస్తుంది, వాడు ఫోన్ చెవికి ఆనించుకుని "అవ్వా, దా" అంటాడు.